మా బావ చూసిన దేవుని చెయ్యి

దేవుడు దేశాలను లేపుతడు, కూలగొడ్తడు అన్న మాట నేనూ నమ్ముత. బడిల చరిత్ర చెప్పి రిటైరైనోన్ని, ఎంతమంది రాజులు మట్టిల కలిసిండ్రో తెల్వనోన్ని కాదు. కాని ఆ చెయ్యి మా బావకు కనవడ్డంత సాఫ్‌గ నాకెన్నడూ కనవడలేదు.

బావ అంటే మా అక్క మొగడు. గోదావరిఖనిల బొగ్గు బాయిల పనిచేసి దిగిపోయిండు. డ్యూటీ ఉన్నన్నొద్దులు చర్చికి ఎప్పుడో ఒకపారి వచ్చి, వెనుక బెంచీల కునికేటోడు. దిగిపోయినంక టీవీ వార్తలు మరిగిండు. ఆదివారం ఆరాధన కాంగనే మెట్ల మీద నిలవడి మొదలువెట్టేటోడు. ఫలానా దేశంల కరువెందుకొచ్చింది, ఫలానా రాజు ఎందుకు పారిపోయిండు, అన్నిట్ల దేవుని చెయ్యే. ఒకపారి ఒక దేశం ఎండాకాలం దాటదన్నడు. అది దాటుడే కాదు, పక్క దేశాన్ని గెలిచి కూసున్నది.

"ఏంది బావా గిట్లయింది?" అన్న.

"అది మరుగున ఉండే చెయ్యి బామ్మర్దీ. నీ అసొంటోళ్లకు కనవడది."

కూలితే దేవుడు, కూలకుంటే దేవుని మర్మం. మా బావ మాత్రం ఎన్నడూ తప్పు గాడు. జనం గూడ నోరు తెరుచుకొని ఇనేటోళ్లు.

ఇట్లుండంగ కమాన్‌పూర్ దిక్కున్న బావ వాళ్ల ఊరి మీదికి ఓపెన్‌కాస్టు బొగ్గు గని వచ్చింది. ముందు పొలాలు పోయినయి, తర్వాత ఇండ్లు. ఆఖరుకు బొందలగడ్డ వంతు. సమాధులు తవ్వి ఎవల పెద్దల బొక్కలు వాళ్లు తీసుకపోవాలె అని కబురొచ్చింది. అక్క, బావ, నేను ఆటోల పోయినం.

గడ్డపార పట్టుకున్న కూలాయన అడిగిండు, "మీ అవ్వది ఏది కాకా?"

బావ అటు సూసిండు, ఇటు సూసిండు. రాయి లేదు, సిలువ లేదు. అవ్వను పెట్టినంక మళ్ల ఆ తొవ్వ తొక్కితే గద! సముద్రాల అవతల ఏ గద్దె మీద దేవుని వేలు పడ్డదో చెప్పేటోనికి, కన్నతల్లి యాడ పన్నదో తెల్వదు.

"గీడ" అన్నడు. తవ్వితే ఒట్టి మట్టి. "కాదు, గాడ." అక్కడ రాళ్లు. ఇంకో చోట తవ్వితే బొక్కలెల్లినయి. "ఇవే" అనుకుంట జల్ది జల్ది తెల్ల గుడ్డల మూటగట్టిండు.

"మా అత్తయే అని నీకెట్ల తెలుసు?" అక్క అడిగింది.

"దేవుడు సూపెట్టిండు."

అక్క మూట అందుకున్నది. తొవ్వంత ఆ మూటను ఒళ్లె పెట్టుకొని కూసున్నది.

ఆ బొక్కలను గోదావరిఖనిల బొందపెట్టి, అవ్వ పేరు చెక్కిన పాలరాయి నిలవెట్టిండు. ఆ తర్వాతి ఆదివారం చర్చిల సాక్ష్యం చెప్పిండు, కూలిన ఊర్ల దేవుడే చెయ్యి పట్టి తన తల్లి దగ్గరికి నడిపించిండని. అక్కడ్నుంచి మళ్ల దేశాల మీదికి పోయిండు. ఆడోళ్లు ఏడ్సిండ్రు. నేను లేసి బయటికొచ్చిన.

పొద్దుమూకినంక ఇంట్ల అడిగిన, "బావా, అవి అవ్వయి కాకపోతే?"

టీవీ బంద్ చేసిండు. "గది అడుగకు బామ్మర్దీ" అన్నడు. జాలి కలుగుతదనుకున్న, కలుగలే. మళ్ల ఆదివారం చర్చి మెట్ల మీద ఇంకో దేశాన్ని కూలగొట్టుకుంట నిలవడ్డడు.

అక్క మాత్రం ఆ రాయి కాడికి పూలు తీసుకపోతది. నేను గూడ ఎంబడి పోయి, ఆ రాయి కింద ఎవలున్నా, ఆ మనిషి కోసం ప్రార్థన చేసి వస్త.