ఎర్ర ఒడిబియ్యం

మా పెద్దమ్మ నోటికి ఇబ్రహీంపట్నంలో జడవని చుట్టం లేదు. నా పెళ్ళయి ఐదో ఏడు నడుస్తుండగా ఒక దావతులో ఆమె అందరూ వినేటట్టు అన్నది: "కోడలు మంచిదే. ఏం ఫాయిదా? ఒడిబియ్యం పోసెటందుకు తల్లిగారిల్లు సముద్రం అవతలున్నది."

నా భార్యది శ్రీలంక. ఖతర్‌లో ఇద్దరం ఒకే దవాఖానలో పనిచేసేవాళ్ళం. ఆమె నర్సు, నేను ఏసీలు బాగుచేసేవాణ్ణి. పెళ్ళి చేసుకుని మా ఊరికి వచ్చేశాం. ఆమె తెలుగు నేర్చుకున్నది మా అమ్మ దగ్గర, అందుకే అది అచ్చంగా మా అమ్మ తెలుగే. కూరగాయలవాళ్ళతో బేరమాడితే పరాయి మనిషని ఎవరూ అనుకోరు. అంత మాటకారి, ఆ రోజు పెద్దమ్మ ముందు తల వంచుకుని విస్తర్లు ఎత్తింది. ఇంటికొచ్చాక మెల్లగా అడిగింది: "నాకు ఒడిబియ్యం రావా?"

మా దగ్గర పెళ్ళయిన కూతురికి కొన్నేళ్ళకోసారి, బేసి సంవత్సరం చూసి, పుట్టింటివాళ్ళు ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోస్తారు. అందులో ఎండు కొబ్బరి కుడుకలు, రవిక బట్ట పెడతారు. ఆ బియ్యం అత్తగారింటికి తెచ్చి వండి చుట్టాలకు పెట్టాలి. నా వెనక మనుషులున్నారని ఆడపిల్ల ఊరికి చెప్పుకునే పద్ధతి అది. అది లేని కోడలిని ఎవరూ ఏమీ అనరు, మా పెద్దమ్మ తప్ప.

వంటింట్లోంచి మా అమ్మ అన్నది: "ఎందుకు రావు బిడ్డా? సముద్రమేగదా. పోదాం పా."

మా నాయన పోయినప్పటి నుంచి అమ్మ పక్కనున్న యాచారం దాటి పోయింది తక్కువ. అట్లాంటి మనిషి పాస్‌పోర్టు తీయించుకుని, విమానంలో కిటికీ సీటు నాకివ్వకుండా కూర్చుంది. సంచిలో పసుపు, ఆకుపచ్చ రవిక బట్ట, బజారులో ఏరి ఏరి కొన్న ఐదు కుడుకలు పెట్టుకుంది. నా భార్య ఆ కుడుకలను చూసింది, నన్ను చూసింది. తీరా అక్కడ మా అత్తగారి ఇంటి చుట్టూ కొబ్బరికాయలు నేలరాలి పడున్నాయి. కోళ్ళు వాటి మీదెక్కి కూర్చున్నాయి.

"తాతకు దగ్గులు నేర్పినట్టు లంకకు కుడుకలు మోసుకొచ్చినవే" అన్నాను.

"నోరు మూయ్. తెచ్చినయి తెచ్చినయే" అన్నది అమ్మ.

మా బావమరిది ఒక రిసార్టులో వంటవాడు. ఒడ్డు నుంచి పడవలో పోవాల్సిన చిన్న దీవి అది. మేమొచ్చామన్న సంతోషంతో రెండు రోజులకు మా అందరికీ అక్కడే గదులు మాట్లాడాడు. దవాఖానలో చేరకముందు ఖతర్‌లో నేను అలాంటి హోటళ్ళకు రిపేర్లకు పోయినప్పుడు వెనక తలుపు నుంచే పోయేవాణ్ణి. ఇక్కడ ముందు తలుపు దగ్గర మాకు పూలదండలు వేశారు. నేను కొంచెం ఉబ్బిపోయాను, దాచడమెందుకు?

మా అమ్మ ఇసుకలో పొడుగు కుర్చీ మీద కాళ్ళు చాపుకుని, చేతిలో కొబ్బరి బోండాంతో చాలాసేపు సముద్రాన్ని చూసింది. మా పెద్దచెరువు నిండి అలుగు పోసిన రోజు కట్ట మీద నిలబడ్డ మనిషి ఆమె. నీళ్ళకు ఆమె కొలత అదే.

"దీనికి తూము ఏడున్నదిరా?"

"లేదమ్మా."

"మరి గిన్ని నీళ్ళు ఏం చేసుకుంటరు?" అని కళ్ళు మూసుకుంది. కాసేపటికి, "పని లేకుంట పండుడు గూడ మంచిగనే ఉన్నది" అన్నది. ఆమె నోటి నుంచి ఆ మాట వినడం అదే మొదలు.

మర్నాడు పొద్దున గది ముందు వరండాలో ఒడిబియ్యం. మా అత్తగారు సొంత పొలంలో పండిన ఎర్ర బియ్యం తెచ్చింది. అమ్మ ఎంత పసుపు కలిపినా వాటికి రంగెక్కలేదు. పసుపు డబ్బా ఖాళీ చేసి, ఇక చాలన్నది. పోయడానికి ఐదుగురు ముత్తయిదువలు కావాలి. మా బావమరిది భార్య, నా భార్య చిన్నమ్మలు ఇద్దరు వచ్చారు. గదులు ఊడ్చే ఇద్దరు ఆడవాళ్ళు నవ్వుకుంటూ చేతులు కడుక్కుని వచ్చి లెక్క సరిచేశారు. నా భార్య పీట మీద కూర్చుని, ఇదేమిటో వాళ్ళ భాషలో అందరికీ చెప్పింది. భర్త ఉన్నవాళ్ళే పోస్తారని కూడా చెప్పినట్టుంది. ఎందుకంటే ఆ మాటతో మా అత్తగారు బియ్యం తట్ట కింద పెట్టి, వెనక్కి వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. మా మామగారు పోయి చాలా ఏళ్ళయింది.

ఆ నిలబడడం నేను ఇంతకు ముందు చూశాను. మా నాయన పోయిన మరుసటేడు మా అక్కకు ఒడిబియ్యం పోశారు. బియ్యానికి పసుపు కలిపింది మా అమ్మే. కలిపి, చేతులు కడుక్కుని, వంటింటి తలుపు దగ్గర అచ్చం ఇట్లాగే నిలబడింది. పెద్దమ్మ, మిగతావాళ్ళు పోశారు. అమ్మను అక్కడ నిలబడమని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

ఇప్పుడు అమ్మ లేచి మా అత్తగారి దగ్గరకు పోయి చెయ్యి పట్టుకుంది. "వదినె, రా."

ఆమె తల అడ్డంగా ఊపి ఏదో అన్నది. నా భార్య కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "అమ్మ పోస్తే నాకు మంచిది కాదంట, అత్తమ్మా."

"ఎవలు చెప్పిన్రు మంచిది కాదని? నేను గూడ గట్లనే అనుకొని తలుపు కాడ నిలబడ్డ. నా బిడ్డకు నా చేతులతోని పొయ్యలే. ఆ దుఃఖం ఇంకా నా కడుపుల్నే ఉన్నది. కన్నది నువ్వు, వదినె. ముందుగాల నువ్వు పొయ్యి. నీ వెంబడి నేను పోస్త. తర్వాత గీ ఐదుగురు పోస్తరు."

నా భార్య ఏడుస్తూనే ఆ మాటలు తల్లికి చెప్పింది. మా అత్తగారు ముందుకొచ్చింది. దోసెడు ఎర్ర బియ్యం కూతురి ఒడిలో పోసి, చేతులు తీయకుండా అట్లాగే ఉండిపోయింది. తర్వాత మా అమ్మ పోసింది. మోసుకొచ్చిన ఐదు కుడుకలూ తనే పెట్టింది. ఆ వెనక ఆ ఐదుగురూ పోశారు. పద్ధతి ప్రకారం ఒడిలోంచి కాసిని బియ్యం పుట్టింటివాళ్ళకు వదలాలి. మా అత్తగారు వాటిని రెండు చేతుల్లో పట్టుకుంది. ఖతర్‌లో సంపాదించినప్పుడు, ఇల్లు కట్టినప్పుడు కూడా నాకు గర్వం కలిగింది. కాని అంత గర్వం నాకు అంతకుముందు ఎన్నడూ లేదు. నేను ఈమె కొడుకును అని ఆ రిసార్టులో వాళ్ళందరికీ అరిచి చెప్పాలనిపించింది.

తిరుగు ప్రయాణంలో, మా ఊరి తోవన బొంగులూరు దగ్గర రింగు రోడ్డు దిగేదాకా నా భార్య ఆ బియ్యం మూట ఒళ్ళోంచి దించలేదు. ఆదివారం వండి చుట్టాలను పిలిచాం. పెద్దమ్మ విస్తరి చూసి, "గిదేంది, అన్నం ఎర్రగున్నది? ఎవలు పోసిన్రు ఒడిబియ్యం?" అన్నది.

అమ్మ నోరు తెరిచేలోపే నా భార్య గరిటెతో వచ్చింది. "ముందుగాల మా అమ్మ పోసింది, పెద్దమ్మా. తర్వాత అత్తమ్మ పోసింది. ఇద్దరు గూడ మొగడు లేనోళ్ళే. ఇంకింత పెట్టాల్నా?"

పెద్దమ్మ విస్తరి ముందుకు జరిపి, "పెట్టు" అన్నది.

బంతి చివర కూర్చున్న మా అక్క అప్పటికే తినడం ఆపేసింది. "అమ్మా, వచ్చే యేడు నాకు మల్ల పొయ్యాలె" అన్నది. "ముందుగాల నువ్వే."

"పోస్త" అన్నది అమ్మ.