కొర్రీ బాబాయి ఏడో కొర్రీ

మా ఆరోగ్య బీమా ఆఫీసులో నా పక్క సీటాయనకు కొర్రీ వేయకుండా కాగితం దాటించడం చేతకాదు. అసలు పేరు జీతాల రిజిస్టరుకే గుర్తు. మాకందరికీ ఆయన కొర్రీ బాబాయి. ఫొటోలో ఎడమ చెవి కనబడలేదనీ, సంతకం గడి దాటిందనీ, పిన్ను కుడివైపు కొట్టారనీ ఫారాలు తిప్పి పంపేవారు. ఒకసారి పిన్నిగారు రాసిచ్చిన కూరల చీటీని కూడా "తేదీ వేయలేదు" అని వెనక్కి ఇచ్చారట. ఆ పూట వాళ్లింట్లో పొయ్యి వెలగలేదు.

అలాంటి మహానుభావుడి చేతికి ఒక టైలరమ్మ దరఖాస్తు చిక్కింది. పెళ్లయి తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. సంతాన చికిత్స ఖర్చు బీమా భరించాలని ఆమె కోరిక. అప్పటికి ఆ చికిత్స మా జాబితాలోనే లేదు. నేనైతే తిరస్కరణ ముద్ర కొట్టి టీకి లేచేవాణ్ణి. బాబాయి మాత్రం "ఫొటోలో చెవి లేదమ్మా" అన్నారు.

చెవితో మొదలై మూడు నెలల్లో ఆరు కొర్రీలు పడ్డాయి. ఆరోసారి జిరాక్సు వంకరగా వచ్చిందన్నారు. టైలరమ్మ చేతిసంచిని బల్లమీద కొట్టింది.

"ఈ ఏడాది దాటితే కష్టమని డాక్టరమ్మ చెప్పిందండీ! కుదరదంటే కుదరదని చెప్పేయండి. ఇల్లో వాకిలో అమ్ముకుని చేయించుకుంటాం."

"ఆ మాట మాత్రం నా నోటంట రాదమ్మా. జిరాక్సు మళ్లీ తీయించుకు రండి."

ఆమె వెళ్లాక నాకు ఒళ్లు మండింది. "మీకసలు మనసుందా బాబాయ్?"

"ఉంది. జిరాక్సు జత చేయమంటావా?"

మరుసటి వారం పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకపై సంతాన చికిత్సకూ బీమా వర్తిస్తుంది, పెండింగులో ఉన్న దరఖాస్తులతో సహా. తిరస్కరణ పడినవాళ్లు మాత్రం రెండేళ్లు ఆగి మళ్లీ పెట్టుకోవాలి. అప్పటికి గానీ నా బుర్ర వెలగలేదు. మా దగ్గర ఏ దరఖాస్తయినా పదిహేను రోజుల్లో తేల్చాలి. కొర్రీ పడితే ఇంకో పదిహేను రోజులు బతుకుతుంది.

"ఇది వస్తుందని మీకు ముందే తెలుసా?"

"వస్తుందని విన్నాను."

"మరి ఆవిడకో మాట చెప్పొచ్చుగా?"

"చెప్పాక రాకపోతే? ఆశపెట్టి లాక్కోవడం కంటే తిట్లు తినడం నయం కదరా."

ఆ తిట్లలో సగం నావే కాబట్టి సిగ్గేసింది.

మర్నాడు టైలరమ్మ కొత్త జిరాక్సుతో వచ్చింది. బాబాయి మంజూరు ముద్ర కొట్టి కాగితం చేతికిచ్చారు. ఆమె నమ్మలేదు. తిరగేసి మరగేసి చూసింది.

"కొర్రీ ఏం లేదాండీ?"

బాబాయి కళ్లజోడు సర్దుకున్నారు. ఇన్నేళ్ల అలవాటు ఊరికే పోతుందా?

"ఒకటుందమ్మా. పాపో బాబో పుట్టాక ఫొటో తెచ్చి చూపించాలి. చెవులు రెండూ కనబడాలి."