ఇన్‌వర్డ్ నంబర్ పడని మాట

కాగితం మీదికెక్కి, ముద్ర వేయించుకుని, వచ్చిన కాగితాలు ఎక్కించే ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో నంబర్ పడితే తప్ప సదాశివ గారి లెక్కలో మాట మాటే కాదు.

కార్ఖానా ఏరియాలో ఉన్న, ఇళ్ల సామాన్లు తరలించే మా కంపెనీకి ఆయన ఆఫీసు సూపరింటెండెంట్. మల్కాజ్‌గిరి నుంచి పది గంటలకల్లా వచ్చి, ముద్ర ముందు పెట్టుకుని కూర్చుంటారు. పెళ్లిపత్రిక వస్తే నంబర్. గణేశ్ చందా కాగితానికీ నంబరే. ఏసీ పనిచేయడం లేదని నేను మొత్తుకుంటే, "కాగితం పెట్టినవా?" అన్నారు. పెట్టాను. నంబర్ పడింది. ఏసీ మాత్రం ఇప్పటికీ పనిచేయడం లేదు.

ఇంట్లోనూ అంతేనట. ఓసారి ఆయన భార్య విమలమ్మ గారు ఆఫీసుకొచ్చి మా ముందే వాపోయారు.

"కొత్తిమీర తెమ్మంటే రాసియ్యమంటడు బిడ్డా. రాసిస్తే తేదీ ఏదంటడు."

"తేదీ లేకుంటే ఏ రోజు కొత్తిమీరనో ఎట్ల తెలుస్తది?" అన్నారాయన, నవ్వకుండా.

మా మేనేజర్ హేమచంద్ర గారికి కాగితంతో పనే లేదు. వాట్సాప్ గ్రూపు చాలు. మెచ్చుకోవాల్సింది ఉంటే మనసులో ఉంచుకుంటారు, తిట్టాల్సింది ఉంటే ఇరవై ఒక్క మందీ చూసేలా గ్రూపులో పెడతారు. ఏడాదిలో ఆరుగురు మానేశారు. రాజీనామాల్లో అందరూ "సొంత పనుల వల్ల" అనే రాశారు. ఆరింటికీ సదాశివ గారు నంబర్లు వేశారు.

ఆ తర్వాత వంతు రజితది. బుకింగ్‌లు రాసే ఆ అమ్మాయి బి బ్లాకు అని రాయాల్సిన చోట డి బ్లాకు అని రాసింది. ఎవరిదో బీరువా నాలుగో అంతస్తు ఎక్కి, మళ్లీ దిగింది. మరుక్షణం గ్రూపులో మెసేజ్.

"రజితా, బుర్ర ఇంట్లో పెట్టి వస్తున్నావా? నీకన్నా ఆ బీరువా నయం."

కొందరు నవ్వే బొమ్మలు పెట్టారు. వాళ్లలో నేనూ ఒకణ్ని. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇల్లు నడిచేది రజిత జీతం మీదే. అయినా రాజీనామా రాసుకొచ్చింది.

"మార్జిన్ ఇడ్వలే. ఫైల్ల పెట్టనీకి రంధ్రం కొడితే నీ పేరు పోతది. మల్ల రాయి" అన్నారు సదాశివ గారు.

రాసింది.

"తేదీ కింద కాదు, మీద."

మళ్లీ రాసింది. ఈసారి ముద్ర పైకెత్తి, పక్కన పెట్టేశారు.

"ఇంకు ఎండిపోయింది. సోమారం కొత్త ప్యాడ్ వస్తది."

"పరేషాన్ చెయ్యకండి అంకుల్. ఈ నౌకరీ నాతోని కాదు" అంది రజిత, కళ్లు తుడుచుకుంటూ.

"నంబర్ పడందే నౌకరీ పోదు బిడ్డా. పోయి పని చూస్కో."

ఆ మధ్యాహ్నం నేను మేనేజర్ గదిలో ఉండగా సదాశివ గారు వచ్చారు. ఎప్పుడూ తెరిచే ఉండే తలుపును జాగ్రత్తగా మూశారు. ఓ కాగితం బల్ల మీద పెట్టారు. గ్రూపు మెసేజ్ ప్రింటు.

"ఇదేంటండీ?" అన్నారు హేమచంద్ర గారు.

"రజిత ఫైల్ల పెట్టనీకి సార్. మీరు సంతకం పెడితే నంబర్ ఏస్త. తప్పులున్నయేమో, ఒకసారి సదివి ఇనిపిస్త."

రైలు ఆలస్యమని స్టేషన్లో చెప్పే గొంతుతో చదివారు. 'బుర్ర' అన్న మాట దగ్గర హేమచంద్ర గారు పెన్ను మూత తీశారు. 'బీరువా' దగ్గరికొచ్చేసరికి మళ్లీ పెట్టేశారు.

"ఆపండి సదాశివ గారూ. నేను ఇలాగే అన్నానా?"

"ఇట్లనే సార్. సంతకం?"

"పెట్టలేనండి."

"సంతకం లేని మాటకు నంబర్ ఎయ్యరాదు." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "మరి గ్రూపుల ఉన్నదానికి ఏం చేద్దాం సార్?"

సాయంత్రం గ్రూపులో ఇంకో మెసేజ్ వచ్చింది. "రజిత గారూ, నేనలా అని ఉండకూడదు. క్షమించండి." ఇరవై ఒక్క మందీ చూశాం. ఒక్కరూ బొమ్మ పెట్టలేదు.

సోమవారం రజిత సదాశివ గారి బల్ల దగ్గర నిలబడింది.

"అంకుల్, నా లెటర్ వాపస్ ఇయ్యండి."

"వాపస్ కావాల్నంటే అర్జీ రాయాలె. మార్జిన్ ఇడ్సి."

విసుక్కుంటూనే రాసిచ్చింది. ఆయన ఠప్పున ముద్ర కొట్టారు. ఇంకు కాగితం వెనక్కి కూడా దిగింది.

"కొత్త ప్యాడ్ వచ్చిందా అంకుల్?"

"యాడికెల్లి వస్తది?" అన్నారు సదాశివ గారు, రిజిస్టర్‌లోంచి తలెత్తకుండా. "కావాలని ఎవలన్న కాగితం పెట్టిన్రా?"