గోలు కొట్టని ఫల్గుణ

తెల్లవారుజామున ఐదింటికి నాకు ఇప్పటికీ మెలకువ వస్తుంది. ఇదివరకైతే ఆ వేళకి లేచి, పొయ్యి మీద నీళ్ళు పెట్టి, అందులో రాళ్ళుప్పు వేసేదాన్ని. మా ఆయన ఫల్గుణ అప్పటికే టైడా స్టేషన్ వైపు పరుగు మొదలుపెట్టి ఉండేవాడు. గూడ్సు బండి సొరంగంలోంచి కూత పెట్టిందంటే వెనక్కి వస్తున్నాడన్నమాట. వచ్చి అరుగు మీద కూచుని ఎడమ మోకాలు చాపేవాడు. ఉప్పునీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెట్టి, ఇప్పనూనె రాసేదాన్ని. పదకొండేళ్ళు ఆ మోకాలికి చేసిన చాకిరీ నేను ఇంకెవరికీ చేయలేదు. ఇప్పుడూ గూడ్సు బండి కూస్తుంది. నేను చాప మీదే పడుకుని వింటాను.

ఆయన ఫుట్‌బాల్ ఆడేవాడు. ఆశ్రమ పాఠశాలలో చదివేటప్పుడు ఆటల మాస్టారు చూసి, ఈ కుర్రాడు రోజంతా పరుగెత్తినా అలసిపోడు, మధ్యలో పెట్టండి అన్నారట. మధ్యలో ఆడడమంటే ఏమిటో పెళ్ళయిన కొత్తలో నాకు తెలియలేదు. కాఫీ గింజలు ఆరబోసిన చాప మీద కొన్ని గింజలు పక్కకి తీసి పేర్చి చూపించాడు.

"ఎనకాల బంతి లాక్కోవాల. ముందున్నోడికి ఇవ్వాల. అంతే."

"మరి గోలెవుడు కొడతాడు?"

"ముందున్నోడు."

"అయితే నువ్వేటి సేత్తన్నట్టు?"

నవ్వాడు. "నాను లేకపోతే ఆడికి బంతెలగొత్తాదే?"

జిల్లా జట్టులో ఆడాడు. విశాఖపట్నం హాస్టల్లో రెండేళ్ళున్నాడు. అక్కడి నుంచి కలకత్తాలో ఒక చిన్న క్లబ్బు వాళ్ళు తీసుకెళ్ళారు. నాలుగో ఆటలో మోకాలి లోపల నరం తెగింది. సీజను అయ్యేదాకా కూచోబెట్టి, ఎనిమిదో నంబరు చొక్కా, రైలు టికెట్టు చేతిలో పెట్టి పంపేశారు. ఆ చొక్కా ఒంటి మీద ఉండగానే నన్ను చూడ్డానికి వచ్చాడు.

ఆ తర్వాత ఇటు మన కొండల్లోనూ, అటు ఒరిస్సా ఊళ్ళల్లోనూ మేక పందేలు ఆడేవాడు. గెలిచిన జట్టుకి మేకనిస్తారు. అక్కడే కోసి పంచుకుంటారు. గోలు కొట్టినవాడికి తలకాయ. గోలు కాపాడినవాడికి తొడ. మా ఆయన తెచ్చేది ఎప్పుడూ పేగులే. "కడిగి వండితే దీనికున్న రుసి దేనికుంది?" అనేవాడు. నేను కుళాయి దగ్గర పేగులు కడుగుతుంటే పక్కింటి చిట్టి కేకేసేది.

"ఏటే గాయత్రీ, ఇయాల కూడా పేగులేనా? మీ ఆయన తలకాయ ఎప్పుడు తెత్తాడే? మనవలెత్తినాకా?"

నేనూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చాక ఆ పేగుల కూర ఆయన ముందు విసురుగా పెట్టేదాన్ని. ఎందుకా విసురని ఆయన ఒక్కసారీ అడగలేదు.

చైత్రంలో మాకు ఇటుకల పండగ. మగవాళ్ళు వేటకి వెళ్తారు. ఒట్టి చేతులతో వచ్చినవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారు. అడవిలోంచి ఏదో ఒకటి తెచ్చేదాకా గుమ్మం తొక్కనివ్వరు. మొదటి చెంబు పెళ్ళానిది. ఇప్పుడు అడవిలో జంతువులూ లేవు, ఫారెస్టు వాళ్ళూ ఊరుకోరు. అందుకని కొన్నేళ్ళుగా మా ఊరు వేటకి బదులు ఫుట్‌బాల్ జట్టుని పంపుతోంది. మేక వస్తే అందరం చేతులు కలిపి దింసా నాట్యం. రాకపోతే పేడ. వరసలో మొదటి ఇల్లు మాది కాబట్టి పేడ కలిపేది నేనే.

పోయినేడు పందెం లోయలో జరిగింది. ఎండెక్కకముందే ఆట మొదలైంది. తర్వాత తెలిసిందేమిటంటే, అవతలి జట్టువాడి మోకాలు వచ్చి మా ఆయన కడుపులో ఎడం పక్క గుద్దుకుంది. పడిపోయాడు. బదులు దిగడానికి మనిషి లేడు. ముందు ఆడేది ఆయన పిన్నమ్మ కొడుకు కామేష్. వాడొచ్చి చెయ్యి పట్టి లాగాడట.

"లెగన్నా, ఇంక ఇరవై నిమిసాలే. నువ్వు తొంగుంటే నాకు బంతెవుడిత్తాడు?"

లేచాడు. కానీ పరుగెత్తలేకపోయాడు. బంతి ఆయన పక్క నుంచే పోయింది. ఒక్క గోలుతో ఓడిపోయారు.

మధ్యాహ్నానికి ఊళ్ళోకి వచ్చారు. అందరికంటే ముందు కామేష్, చేతులు పైకెత్తి అరుస్తూ. "నన్నేటీ అనకండి! అన్న సెట్టులాగ నిలబడిపోనాడు. ఆ నీళ్ళు ఆడికే పొయ్యండి!"

మా ఆయన ఆఖరున వచ్చాడు, కడుపు మీద చెయ్యి పెట్టుకుని. "గాయత్రీ, మంచినీళ్ళియ్యే. కడుపులో పట్టేసింది."

ఆడవాళ్ళందరూ ఘొల్లున నవ్వారు. నేను చెంబు నిండా ముంచాను. రెండు రోజులు నానిన పేడ.

"నీళ్ళేనా? ఇంద!" మొహం మీదే కొట్టాను. "మేక తేనోడికి కడుపేటి? ఎల్లి ఏదోటి తే. అందాకా గుమ్మం తొక్కినావా, సూడు!"

కడుపేటి అన్న మాట నాకెవరూ నేర్పలేదు. చిట్టి చప్పట్లు కొట్టింది. అంతమంది ఆడవాళ్ళు నా పక్క నిలబడి నవ్వడం అదే మొదలు. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఆయన చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుని కొండ వైపు వెళ్ళాడు. మా అత్త అప్పలనర్సమ్మ నా దగ్గరకొచ్చింది.

"నా గుంటడి మొకం తెల్లగున్నాదే. పిలు."

"ఆచారం గదత్తా. రానీ, దుంపలైనా తెత్తాడు."

పొద్దు వాలుతుండగా వచ్చాడు. నాలుగు దుంపలు, గోళ్ళ నిండా మన్ను. వాటిని గుమ్మం అవతలే పెట్టాడు. లోపలికి అడుగు వేయలేదు.

"తెచ్చినాను. ఇప్పుడు రావొచ్చా?"

"రా" అన్నాను.

కాలు ఎత్తలేకపోయాడు. గడప మీదే కూలబడిపోయాడు.

ఆయనతో ఆడినవాళ్ళే డోలీ కట్టి మోశారు. ముందు కొన కామేష్ పట్టాడు. కింద రోడ్డు చేరకముందే, గెడ్డ నీళ్ళు దాటే మలుపులో ఆయన చెయ్యి డోలీలోంచి జారి వేలాడింది. అయినా ఆసుపత్రి దాకా తీసుకెళ్ళాం. డాక్టరు కడుపు నొక్కి చూశాడు.

"లోపల రక్తం పోయింది. దెబ్బ ఎప్పుడు తగిలింది?"

"పొద్దున" అన్నాడు కామేష్.

"మధ్యాహ్నానికి తెచ్చినా బతికేవాడమ్మా."

కామేష్ నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. ఆ మధ్యాహ్నం సంగతి ఇవాళ్టి దాకా ఇద్దరం ఎత్తలేదు.

ఊళ్ళో కూడా నన్నెవరూ ఒక్క మాట అనలేదు. ఆచారం ప్రకారమే చేశావు అన్నారు. దినం నాడు అత్త ఆ దుంపలు వండింది. అందరూ తిన్నారు. బాగా ఉడికాయి అని చిట్టి మళ్ళీ వేయించుకుంది.

ఇవాళ మళ్ళీ ఇటుకల పండగ. జట్టు పొద్దున్నే వెళ్ళింది. మధ్యలో ఎవరిని పెట్టారో నేను అడగలేదు. ఇందాక చిట్టి, కామేష్ పెళ్ళాం నిర్మల చెంబులు పట్టుకుని వచ్చారు.

"ఇంకా కలపలేదేటే? ఆల్లు కొండెక్కీసినారు. ఓడిపోనారంట. బేగి కలుపు!"

నిర్మలకి పెళ్ళై ఏడాది కాలేదు. ఒకటే నవ్వు. "నాకు పెద్ద సెంబియ్యి అక్కా. మా ఆయన రెండు గోల్లు కొడతానని పోనాడు. మొకం మీదే కొడతాను, సూద్దువు."

"వొచ్చేటోడికి ముందు మంచినీళ్ళియ్యి" అన్నాను.

"అదేటి, పండగరోజునా?" మళ్ళీ నవ్వింది.

చిట్టి నా మొహం చూసి, నిర్మల చెయ్యి పట్టుకుని లాగింది. "దీనితో మనకేటి. మా కొట్టంలో ఉంది పేడ. రాయే."

వెళ్ళిపోయారు. మెట్ట మీద డప్పు వినిపిస్తోంది. అత్త మంచంలోంచి, "పండగపూటైనా వాకిట్లో కళ్ళాపి సల్లవేటే?" అంది. పేడ కలిపే బిందె గోడవారన బోర్లించి ఉంది. కొట్టం దగ్గర పేడ ఎండిపోయి పైన చెక్కు కట్టింది. నేను అరుగు మీద నుంచి లేవలేదు.