తమ్ముడి జవాబులు నేను చెప్పిన వారం

సైకియాట్రీ వార్డుకి రెండు వారాల పోస్టింగుకి వచ్చే డాక్టరు స్టూడెంట్లకి ఒక సంగతి చెప్పాలని చాన్నాళ్లుగా ఉంది. నేను చదివింది ఏడో తరగతి, అదీ సగం. కాబట్టి జబ్బుల గురించి, మందుల గురించి చెప్పను. మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఒకటుంటుంది చూశారా, దాంట్లో కూర్చునే మనిషి గురించి చెబుతాను. ఆ కుర్చీలో నేను పంతొమ్మిది రోజులు కూర్చున్నాను.

మంచం మీద మా తమ్ముడు. బెంజ్ సర్కిల్ దగ్గర టైల్స్ షోరూంలో సేల్స్‌మన్. మూడు నెలలుగా సరిగ్గా తిండి లేదు, నిద్ర లేదు. కస్టమర్‌తో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేవాడట. ఒకరోజు షోరూం నుంచి నాకు ఫోన్. "మీ తమ్ముడు బాత్రూం టైల్స్ దగ్గర కింద కూర్చుండిపోయాడండీ, లేవమంటే లేవట్లేదు." నేను వన్ టౌన్‌లో ట్రాలీ ఆటో తోలతాను, గోడౌన్ల నుంచి షాపులకి సరుకు. వెనక కందిపప్పు బస్తాలు అలాగే ఉంచి వెళ్లి, వాణ్ణి పక్కన ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. "ఈ లోడు ఎక్కడ దింపాలి?" అని వాణ్ణి అడిగాను దారిలో. వాడు కిటికీ వైపు తిరిగాడు.

ఉయ్యూరు పక్కన మా ఊళ్లో మాత్రం పచ్చకామెర్లు అని చెప్పాం. ఆ ఆలోచన అమ్మది. వచ్చే ఆదివారం వాడికి పెళ్లిచూపులు, పిల్ల తరఫు వాళ్లకి తెలిస్తే వెనక్కి పోతారని. అయితే కామెర్లంటే మా వైపు ఎవరూ ఊరికే వదలరు. మర్నాడే మా మేనత్త నేలఉసిరి పసరు సీసాతో దిగింది. వార్డు బోర్డు ఇంగ్లీషులో ఉంది కాబట్టి బతికిపోయాం.

"కళ్లు పచ్చగా లేవేంట్రా వీడికి?" అంది.

"ఇక్కడి లైట్లు అలాంటివి అత్తా. బయటికి తీసుకెళ్తే నిమ్మకాయల్లా ఉంటాయి."

పసరు నేను పారబోశాను గానీ పథ్యం తప్పలేదు. అత్త రోజూ వచ్చి చూస్తుంది కదా. అబద్ధం నిలబడాలని ఉప్పూ నూనే లేని చప్పిడి అన్నం పెట్టాం తమ్ముడికి. వాడు కిక్కురుమనకుండా తిన్నాడు. పెట్టింది రాళ్లయినా తినేవాడే అప్పుడు.

ఆరో రోజు స్టూడెంట్లు వచ్చారు, ఆరుగురు. ఇస్త్రీ మడత నలగని తెల్లకోట్లు. అందరి చూపూ తలుపు మీదే. అరుపులు, గొలుసులు ఉంటాయనుకున్నారేమో, ఇక్కడ చూస్తే ఇద్దరు క్యారమ్స్ ఆడుతున్నారు, ఒకాయన పేపరు చదువుతున్నాడు, మిగతావాళ్లు గోడకేసి చూస్తున్నారు. "భయపడకండమ్మా, ఇప్పుడే టిఫిన్లయ్యాయి, ఎవరూ కరవరు" అన్నాను. ఒక్కరే నవ్వారు, కళ్లజోడు పెట్టుకున్న అమ్మాయి. ఆ అమ్మాయీ, ఒక పొడుగాటి కుర్రాడూ మా మంచం దగ్గరికొచ్చారు.

ఆ రోజు నాకు నడుం పట్టేసింది. నేను పదేపదే కదులుతుంటే తమ్ముడే లేచి, నన్ను మంచం మీద పడుకోమని సైగ చేసి, తను కుర్చీలో కూర్చున్నాడు. ఆ వార్డులో ఎవరి బట్టలు వాళ్లవే. పొడుగాయన నన్ను చూసి, "మీతో కాసేపు మాట్లాడొచ్చా అండీ?" అన్నాడు. పేషెంటుని నేనే అనుకున్నాడు.

కాదని చెప్పొచ్చు. చెప్పలేదు. "రండి రండి, నాకూ పొద్దు పోవట్లేదు" అన్నాను.

"మనసెలా ఉందండీ?"

"బెంజ్ సర్కిల్ సాయంత్రం ఆరింటికి ఎలా ఉంటుందో అలా. హారన్లే గానీ బండి కదలట్లా."

పొడుగాయన రాసుకున్నాడు. "నూరులోంచి ఏడు తీసేస్తూ వెళ్లండి."

"నూరు బస్తాల్లో ఏడు నేను దించాను. మిగతా తొంభై మూడు మీరు పట్టండి, నడుం నొప్పి."

"దారిలో స్టాంపు అంటించిన ఉత్తరం దొరికింది. ఏం చేస్తారు?"

"మ్యూజియంలో ఇస్తాను. ఈ రోజుల్లో ఎవరు రాశారండీ ఉత్తరం?"

అరగంట సాగింది. మధ్యలో తమ్ముడి వైపు చూశాను. పెదవి చివర కొంచెం కదిలింది. అంతే, నాకు సింహాసనం ఎక్కినట్టయింది. డాక్టర్లు ఆరు రోజులు మందులిచ్చి చేయలేని పని నేను చేశాననుకున్నాను.

మధ్యాహ్నం పెద్ద మేడంగారు రౌండ్స్‌కి వచ్చారు. పొడుగాయన చదవడం మొదలెట్టాడు. "ముప్పై నాలుగేళ్ల పురుషుడు. అతిగా మాట్లాడుతున్నారు. సందర్భం లేకుండా నవ్వుతున్నారు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పరు..."

"ఆయన పేషెంటు కాదు, అటెండెంటు" అన్నారు మేడం.

వార్డంతా నవ్వు. క్యారమ్స్ వాళ్లు కూడా. నేను లేచి దండం పెట్టాను. మేడం నవ్వారు గానీ వెంటనే ఆపేశారు. "ఈయన గురించి మీరు రాసినదాంట్లో తప్పేం లేదు" అని, కుర్చీ వైపు చూపించారు. "అరగంటలో ఈయన ఎన్ని మాటలు మాట్లాడారు?"

పొడుగాయన కాగితాలు తిరగేశాడు.

"ఈయనెవరని అడిగారా?"

స్టూడెంట్ల ముఖాలు ఎర్రబడ్డాయి. నా ముఖం సంగతి నాకు తెలియదు. మాట మార్చడానికి, "మేడంగారూ, రేపు డిశ్చార్జి చేసెయ్యండి. ఆదివారం ఇంటికి చుట్టాలొస్తున్నారు. తమ్ముడు బానే ఉన్నాడు, ఇందాక నవ్వాడు కూడా" అన్నాను.

"రేపు మాట్లాడదాం" అన్నారావిడ.

మర్నాడు కళ్లజోడు అమ్మాయి ఒక్కతే వచ్చింది. ఈసారి సరైన మనిషి దగ్గరికే. "ఎలా ఉన్నారండీ?" అని తమ్ముణ్ణి అడిగింది.

"రాత్రి బానే పడుకున్నాడండీ" అన్నాను నేను.

"టిఫిన్ తిన్నారా?"

"రెండు ఇడ్లీ తిన్నాడు."

అమ్మాయి నావైపు తిరిగింది. "మీరు కాసేపు బయటికెళ్లి టీ తాగి వస్తారా?"

"నేను టీ తాగనండీ."

"అయితే తాగకుండా రండి."

నన్ను మాటతో అలా కొట్టినవాళ్లు ఈ మధ్యకాలంలో లేరు. లేచి వెళ్లాను. వెళ్లానంటే తలుపు దాకా. అక్కడే నిలబడ్డాను.

ఆ అమ్మాయి ఏదో అడిగింది. తమ్ముడు మాట్లాడలేదు. ఆ అమ్మాయీ మాట్లాడలేదు. ఆ ఖాళీలోకి ఏదో ఒకటి విసరాలని నా నాలుక పీకుతోంది. అప్పుడు అడిగింది, మాట స్పష్టంగా ఉంది. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అండీ?"

నేను లోపలికి దూకాను. "ఏంటమ్మా ఆ మాటలు! లేనిపోనివి మీరే నేర్పిస్తారా వాడికి?"

ఆ అమ్మాయి పెన్నుకి మూత పెట్టింది. అయినా లేవలేదు. "అడిగితే కొత్తగా పుట్టదండీ. ఉన్నదైతే బయటికొస్తుంది."

"మా తమ్ముడికి అలాంటివేం..."

"అన్నయ్యా" అన్నాడు వాడు. "నువ్వు బయటికెళ్లు."

అన్ని రోజుల్లో వాడు నాతో అన్న మొదటి పూర్తి వాక్యం అదే. ఈసారి నిజంగా వెళ్లాను.

ముప్పావుగంట తర్వాత ఆ అమ్మాయి వచ్చింది. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. "మేడంకి చెప్పాలండీ. చెబుతానని ఆయనతో కూడా అన్నాను" అని వెళ్లిపోయింది. వెళ్లే ముందు నర్సుని పిలిచి తమ్ముడి దగ్గర కూర్చోబెట్టింది.

మేడం నన్ను గదిలోకి పిలిచారు. ఇప్పుడు పంపడం కుదరదన్నారు. వాడికి ఆలోచన ఒక్కటే కాదు, ఏర్పాటు కూడా చేసుకున్నాడట, ఇంటికెళ్లడం కోసమే ఎదురు చూస్తున్నాడట. ఆ వివరాలు ఇక్కడ రాయను. "ఇంతకుముందు ఎవరికైనా చెప్పారా అని మా అమ్మాయి అడిగింది" అన్నారు మేడం. "మా అన్నయ్యకి చెప్పాను అన్నారు."

చెప్పాడు. రెండు నెలల కిందట. కాలవ గట్టు మీద నా ఆటోలో ఇంటికి వెళ్తున్నాం. "అన్నయ్యా, నేను లేకపోతే మీకందరికీ హాయిగా ఉంటుంది కదా" అన్నాడు.

"హాయే మరి. నీ బైకు నేను తీసుకుంటా. నీ చొక్కాలు మాత్రం నాకు పట్టవు, వాటిని నీతోనే తీసుకుపో" అన్నాను.

వాడు నవ్వాడు. గట్టిగానే నవ్వాడు. మా ఇంట్లో అంతే, జ్వరమొచ్చిందంటే నటిస్తున్నావా అని ఏడిపించి, తర్వాతే మాత్ర ఇస్తాం. ఆ రోజంతా ఆ జోకుని తలుచుకుని మురిసిపోయాను. మా ఆవిడకి కూడా చెప్పాను.

మేడం గదిలోంచి బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. "ఆదివారం వాళ్లని రావద్దను. కామెర్లు కాదని చెప్పెయ్. అత్తకి కూడా." ఎందుకో, ఏం జరిగిందో మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"వాడికి ఇంక ఉప్పు పెట్టొచ్చా?" అంది.

సాయంత్రం బస్సుకి గుత్తివంకాయ కూర పట్టుకుని వచ్చింది. వాడు తిన్నాడు. అమ్మ గిన్నె కడగడానికి వెళ్లాక నా కుర్చీని వాడి దగ్గరికి లాక్కున్నాను. ఆ అమ్మాయి అడిగిన మాటే అడగాలి. బస్తా మోసినంత చెమట పట్టింది.

"ఇవాళ అనిపించిందా?"

"పొద్దున అనిపించింది." కాసేపాగి, "ఇప్పుడు అంత లేదు" అన్నాడు. నావైపు చూసి, "జోకెయ్యవా?" అన్నాడు.

"వెయ్యను."

"వెయ్యి. కాకపోతే విన్నాక వెయ్యి."

వాడు షోరూంకి మళ్లీ వెళ్తున్నాడు, సగం పూటే. ఆ సంబంధం తప్పిపోయింది. మందులు ఇంకా ఉన్నాయి. వారానికోసారి ఆటోలో పక్కన కూర్చోబెట్టుకుని ఇప్పటికీ ఆ మాటే అడుగుతాను. అడగ్గానే చెప్పడు, ఆగుతాడు. ఒక్కోసారి రెండు సిగ్నళ్లు దాటేదాకా ఆగుతాడు. ఆ కాసేపట్లో నాకు మంచి మంచి జోకులు తడతాయి, ఒకదాన్ని మించి ఒకటి. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, వాడు నోరు తెరిచేదాకా రోడ్డు మీదే చూపు పెట్టి తోలతాను.