ఒక పక్కే లేచే రాడ్డు

నలభై ఎనిమిదేళ్ల వయసులో జిమ్ముకు పోవడమేమిటని నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. దుబ్బయ్య సోకు కోసం పోలేదు, నడుము కోసం పోయాడు. సిద్దిపేటలో ఒక సిమెంటు దుకాణంలో అతను హమాలీ. ఆమధ్య బస్తా ఎత్తబోయి అక్కడే కూలబడ్డాడు, వారం రోజులు మంచం దిగలేదు. తిరిగొచ్చిన రోజు సేటు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"ఇంకోపారి నడుము పట్టిందనుకో, పనికి రాకు దుబ్బయ్యా. నా మీదికొస్తది."

పని పోతే ఎక్కడికి పోతాడు? ఊరు వేములఘాట్ మల్లన్నసాగర్ రిజర్వాయరు నీళ్ల కింద ఉంది. పెళ్లాం పోయి ఆరేళ్లు. కిరాయి గదిలో తనొక్కడే. ఒక మనిషితో రెండు మాటలాడాలన్నా ఆ దుకాణమే దిక్కు.

జిమ్ము నడిపే భానుప్రకాశ్ మంచివాడే, నోరే మంచిది కాదు. దుబ్బయ్యకు డెడ్‌లిఫ్ట్ నేర్పాడు. అంటే మరేం లేదు, నేల మీది బరువును వీపు వంచకుండా తొడల దాకా లేపడం.

"బస్తాలెక్క గుంజకు కాకా! రాడ్డు కాళ్లకు రాసుకుంట రావాలె. కడుపు నిండ గాలి పట్టు. కాళ్లతోని నేలను తొక్కు, నడుముతోని లేపకు!"

పాతికేళ్లు బరువులు మోసినవాడికి బరువెత్తడం నేర్పుతున్నారు, ఏం కాలమొచ్చిందో! అయినా కిమ్మనకుండా నేర్చుకున్నాడు. వీపు నిటారైంది, గాలి పట్టడం వచ్చింది. ఒక్క తప్పు మాత్రం పోలేదు. రాడ్డు ఎడమ పక్క ముందు లేచేది, కుడి పక్క నేల మీదే ఉండిపోయేది.

"కుడి చేతికి దెబ్బ తాకిందా?"

"లేదు సారూ."

"మరేంది?"

దుబ్బయ్య రాడ్డు దించి చెప్పాడు. మార్కెట్ యార్డులో వడ్ల బస్తాలు లారీకెక్కించినన్నాళ్లూ బాబు అనే ఇంకో హమాలీ అతని జోడీ. బస్తాకు ఎడమ కొసలు ఇతను పడితే కుడి కొసలు అతను పట్టేవాడు. నిరుడు ఎండాకాలం గుండె ఆగి బాబు పోయాడు. జోడీ లేని హమాలీని యార్డులో ఎవరు పిలుస్తారు? అందుకే ఒంటరిగా ఎత్తుకునే ఈ సిమెంటు పనికి వచ్చాడు.

"కుడి దిక్కు వాడు లేపుతడు గద సారూ. నా చెయ్యి ఆగుతది."

"ఇప్పుడు రెండు దిక్కులు నువ్వే కాకా" అన్నాడు భానుప్రకాశ్, మొదటిసారి మెల్లగా.

ఆ మాట చేతికి ఎక్కడానికి ఇంకో నెల పట్టింది.

ఒక శనివారం సిమెంటు కోసం ట్రాలీ ఆటో వచ్చింది. నలభై బస్తాలు. సేటు గల్లా దగ్గర కూర్చుని ఇతని నడుమునే చూస్తున్నాడు. దుబ్బయ్య మొదటి బస్తాకు వంగేసరికి ఆటో డ్రైవర్ దిగివచ్చాడు.

"అన్నా, గీ పక్క నేను పట్టాల్నా?"

బాబు పోయాక ఎవరూ అడగని మాట అది. పట్టు తమ్మీ, అనాలని ప్రాణం కొట్టుకుంది. పట్టనిచ్చాడో, వీడి నడుము పోయిందనే అనుకుంటాడు సేటు.

"వద్దు తమ్మీ. నేను లేపుత."

డ్రైవర్ పోయి ఆటోలో కూర్చుని ఫోను చూసుకున్నాడు. దుబ్బయ్య గాలి పట్టి, నేలను తొక్కి లేపాడు. బస్తా రెండు పక్కలా సమంగా లేచింది. సేటు పేపరులో తల పెట్టాడు.

నలభై అయ్యేసరికి నడుము పిసరంత కూడా నొయ్యలేదు. కుడి చెయ్యి ఒక్కసారి కూడా బాబు కోసం ఆగలేదు. ఇక ఎవరినీ పట్టమని అడగక్కర్లేదు. దుబ్బయ్య మొహం కడుక్కునే వంకతో దుకాణం వెనక్కి పోయి వెక్కి వెక్కి ఏడ్చాడు.