ఆయ్ పలక

మొన్న మా కోడలు నా ఫోనులో ఒక యాప్ పెట్టింది. ఉద్యోగ విరమణ అయ్యాక నాకు మతిమరుపు ఎక్కువైందని దాని అభియోగం. పొయ్యి మీద పాలు మరిచిపోవడం చదువుకున్నవాళ్ల లక్షణమని వాదించాను గానీ వినలేదు. చేయాల్సిన పనులు అందులో రాసుకోవాలట. అయిపోయాక పక్కనున్న గడిని తాకితే టింగుమని మోగి ఆ పని మాయమైపోతుందట. "ఇలాంటిది మీరెప్పుడూ చూసుండరు అత్తయ్యా" అంది. చూడకపోవడమేమిటి? మా బాబాయి అరుగు స్తంభానికి అచ్చం ఇలాంటిదే వేలాడుతుండేది. దానికి ఛార్జింగు కూడా అక్కర్లేదు.

మా నాన్న పోయాక పలివెలలో నన్ను పెంచింది బాబాయీ పిన్నీ. బాబాయికి నాలుగు కొబ్బరిచెట్లూ కాస్త వరిచేనూ ఉండేవి గానీ, అసలు వృత్తి మాత్రం ఆయ్ అనడం. సరేనండీ అనడానికి మా వైపు అందరూ ఆయ్ అనే అంటారు, కానీ ఆయన అన్నట్టు ఎవరూ అనలేరు. "కాస్త మావాడి పాస్‌బుక్కు పట్టుకురాగలరా అండీ?" "ఆయ్!" "రేపు మా గేదెను చూస్తారా అండీ?" "ఆయ్, దాందేముందండీ!" నోరు మంచిదైతే ఊరు మంచిదన్నట్టు ఊరంతా ఆయనకు మంచిదే. ఇంట్లో మాత్రం కారే చూరు రెండు వానాకాలాలుగా కారుతూనే ఉండేది. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది. అది పిన్ని వంటింట్లోంచి రోజుకోసారైనా వినిపించేది.

నేను టీచరు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టిన ఏడు, సరిగ్గా ఆఖరి తేదీ ముందు నాకు అమ్మవారు పోసింది. గడప దాటడానికి లేదు. వేపమండల పక్కన పడుకుని కవరు బాబాయికిచ్చాను. అదే ఆఖరి రోజు, సాయంత్రం అయిదులోపు అమలాపురం ఆఫీసులో అందాలి. "మర్చిపోవుగా?" అన్నాను. "ఆయ్! ఇచ్చేసినట్టే అనుకో అమ్మడూ" అన్నాడు.

బస్టాపులో ఎవరో అరటి పిలకలు వాడపల్లిలో దింపి రమ్మన్నారు. అది అమలాపురానికి పూర్తిగా ఎదురు దారి. పొద్దున్నేగదా, ఎంతసేపని, ఆయ్. అక్కడ ఇంకెవరో పెళ్లిచూపుల్లో పెద్దమనిషిగా కూర్చోమన్నారు. ఆయ్. పొద్దు వాలాక ఇల్లు చేరిన బాబాయి చేతిలో పూతరేకుల పొట్లం ఉంది, చంకలో సంచి ఉంది, సంచిలో నా కవరు ఉంది. నా మొహం చూశాకే ఆయనకు గుర్తొచ్చింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. నా ఏడాది పోయింది. చాలాకాలం ఆయనతో సరిగా మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే, అసహ్యించుకున్నాను కూడా.

పిన్ని మర్నాడు నా చిన్నప్పటి పలకకు తాడు కట్టి అరుగు స్తంభానికి తగిలించింది. "ఏవండీ, మీరు ఊళ్లో పంచిపెట్టొచ్చిన ఆయ్‌లన్నీ కాళ్లు కడుక్కోకముందే దీనిమీద రాయండి. ఏడు వరసలు పడతాయి. నిండితే ఇక ఆయ్ అనడానికి లేదు" అంది.

ఆయన మొదటి వరసలో "అమ్మడి దరఖాస్తు" అని రాశాడు. కింద ఆరే మిగిలాయి. పని అయితే తడిగుడ్డతో తుడవడం, కొత్తది రాయడం. నెల తిరిగేసరికి ఊళ్లోవాళ్లే వీధిలోంచి "పలకలో చోటుందాండీ?" అని అడగడం మొదలుపెట్టారు. చోటు లేకపోతే బాబాయి పాట్లు చూడాలి! అలవాటుగా నోరు తెరిచి "ఆ..." అనేసి, పిన్ని వైపు చూసి, "...లోచిద్దామండీ" అని ముగించేవాడు. ఆ వానాకాలానికి మా చూరు కారడం మానేసింది.

మరుసటి ఏడు దరఖాస్తు గడువుకు వారం ముందే ఇచ్చి, రసీదు తెచ్చి నా చేతిలో పెట్టాడు. సీటొచ్చింది, ఉద్యోగమొచ్చింది, పెళ్లయింది. మొదటి వరస మాత్రం పలక మీద అలాగే ఉంది. చెరిగిపోతుంటే బలపంతో మళ్లీ దిద్దేవాడు. ఒకసారి వెళ్లినప్పుడు నవ్వుతూ అడిగాను, ఎప్పుడో అయిపోయిన పని ఇంకా తుడవవేం బాబాయ్ అని.

ఆయన నవ్వలేదు. "దరఖాస్తయితే ఇచ్చేను గానమ్మా, ఆ ఏడాది తిరిగివ్వలేదు కదా. అది నేను తుడిచేది కాదు. నువ్వు తుడవాలి" అని తడిగుడ్డ నా వైపు చాపాడు.

కోపం ఎప్పుడో పోయిందని, ఆయన లేకపోతే నాకు ఆ చదువే లేదని చెప్పాలనుకున్నాను. ఇంతలో వీధి చివర బస్సు హారను. "ఆయ్, వచ్చేసారి తుడుస్తాలే బాబాయ్" అని సంచి అందుకుని పరుగెత్తాను.

ఆ వేసవిలోనే బాబాయి పోయాడు. పలక పిన్ని నాకిచ్చింది. ఇప్పుడది మా ఫ్రిజ్ పక్కన ఉంది, కోడలు అటువైపు గుడ్డ తెస్తే కసురుతాను. యాప్‌లో నిన్న కూర్చుని మొదటి పని రాశాను: "బాబాయి పలక మీద మొదటి వరస తుడవడం." ఏ తేదీకి చేస్తారని అది అడుగుతోంది. వచ్చేసారి అన్న రోజు ఏ క్యాలెండరులో ఉంటుందో నాకూ తెలియదు.